అరబీ నేర్చుకోవాలి సరే, ఎవరి అరబీ?

ఫోన్‌లో యాప్ పెట్టుకుని నాలుగైదు నెలలు బుద్ధిగా అరబీ నేర్చుకున్న మనిషి కువైట్‌లో దిగాడనుకోండి. బఖాలాకి (అక్కడ కిరాణా కొట్టుని అలాగే అంటారు) వెళ్లి ‘ఉరీదు మాఅన్’ అని అడుగుతాడు. నీళ్ల సీసా దొరుకుతుంది. పక్కనున్న కువైటీ మొహంలో చిన్న నవ్వు కూడా కనబడుతుంది. ఆ మాటలో తప్పేం లేదు, వ్యాకరణం పక్కా. కాకపోతే మనవాడొకడు టీ కొట్టు దగ్గర నిలబడి ‘నాకు జలము కావలయును’ అన్నట్టుంటుంది.

అవే నీళ్లు కువైటీ అడిగితే ‘అబీ మాయ్’ అంటాడు. కైరోలో ‘ఆయిజ్ మయ్యా’, డమాస్కస్‌లో ‘బిద్దీ మయ్’, కాసాబ్లాంకాలో ‘బ్గీత్ ల్‌మా’. నీళ్ల దగ్గర కాస్త పోలిక కనబడుతోంది గానీ, ‘కావాలి’ అన్న మాట నాలుగు ఊళ్లలో నాలుగు రకాలు. యాప్ నేర్పింది ఐదో రకం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తికమకపడేది ఇక్కడే. అరబీ అన్న ఒక్క పేరు కింద ఇన్ని నడుస్తున్నాయని ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. ముప్పై రోజుల్లో అరబీ అంటూ అమ్మే పుస్తకాల్లో ఒక పేజీలో పత్రికల భాష, పక్క పేజీలో కూలీల అడ్డా భాష కలిసిపోయి ఉంటాయి. ఏది ఎక్కడ వాడాలో మాత్రం ఉండదు.

కాగితం మీద ఒకటి, నోట్లో ఒకటి

పుస్తకాల్లో, వార్తల్లో, కోర్టు కాగితాల్లో, శుక్రవారం ఖుత్బాలో (మసీదులో చేసే ప్రసంగం) కనిపించే అరబీని ఫుస్‌హా అంటారు. దాని పునాది ఖురాన్ భాష, పాత అరబ్ కవిత్వం. ఎనిమిదో శతాబ్దంలో ఇరాక్‌లోని బస్రా, కూఫా పండితులు దానికి వ్యాకరణం కట్టారు. వాళ్లలో అందరికంటే పెద్ద పేరు సిబవైహ్‌ది. ఆయన పుట్టుకతో అరబ్బు కాదు, పర్షియన్. పరాయి భాషగా నేర్చుకున్న మనిషే దాని లోతులు విప్పి చెప్పాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది కాస్త ధైర్యమిచ్చే సంగతే.

ఫుస్‌హా ఈరోజు ఎవరికీ అమ్మ భాష కాదు. అరబ్ పిల్లలు కూడా దాన్ని బడిలోనే నేర్చుకుంటారు. ఇంట్లో, బజారులో మాట్లాడేది ఆమ్మియ్యా, అంటే ఆ ప్రాంతపు వాడుక భాష. ఒకే సమాజంలో రెండు భాషలు ఇలా పనులు పంచుకుని బతకడం మీద చార్ల్స్ ఫెర్గూసన్ అనే భాషావేత్త 1959లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. అందులో ఆయన తీసుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబీ ఒకటి.

మనకిది కొత్త కాదు. గ్రాంథికం, వ్యావహారికం గొడవ మన దగ్గరా గట్టిగానే నడిచింది. గిడుగు రామమూర్తి గారి పుణ్యమా అని మన రాత మెల్లగా మాట వైపు జరిగింది. అరబ్బులు ఆ పని చేయలేదు. చేయకపోవడానికి గట్టి కారణాలే ఉన్నాయి. ఫుస్‌హాను వదిలితే ఖురాన్ భాషకు దూరమవుతామన్న భయం ఒకటి. అరబ్ లీగ్‌లోని 22 దేశాలూ ఎవరి మాట వాళ్లు రాసుకుంటే ఒకరి పుస్తకం ఇంకొకరు చదవలేరన్నది రెండోది. మాల్టా ద్వీపంలో జరిగింది అదే. ఒకప్పటి అరబీ యాసే అక్కడ వేరే భాషగా స్థిరపడి, లాటిన్ లిపిలో రాసుకుంటూ, 2004 నుంచి యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటైంది.

ఇక యాసల మధ్య దూరం. శ్రీకాకుళం మాటకీ ఆదిలాబాద్ మాటకీ ఉన్నంతే అనుకుంటే పొరపాటే. మొరాకో మనిషి తన ఊళ్లో మాట్లాడినట్టే మాట్లాడితే కువైటీకి సగం కూడా అర్థం కాదు. ఒకే మాట అర్థం మార్చుకోవడమూ ఉంది. పనిలో ఉన్న మనిషిని చూసి గల్ఫ్‌లో, సిరియాలో ‘అల్లా యఅతీక్ అల్‌ఆఫియా’ అంటారు. దేవుడు నీకు ఆరోగ్యం, సత్తువ ఇవ్వాలని. ఈ మాట మొరాకోలో అంటే నవ్వుతారో, కొడతారో చెప్పలేం. అక్కడ ఆఫియా అంటే నిప్పు. ‘మాషీ’ అంటే ఈజిప్టులో సరే అని, మొరాకోలో కాదు అని. కువైట్ ఇంట్లో ‘బత్తిల్ అల్‌బాబ్’ అంటే తలుపు తీయమని. ఈజిప్టు వాడి నోట ‘బత్తల్’ వస్తే చేస్తున్న పని ఆపమని.

మూడోది: సైట్ అరబీ

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచో, కడప, గోదావరి జిల్లాల నుంచో గల్ఫ్ వెళ్లినవాళ్ల చెవిన ముందు పడేది ఫుస్‌హా కాదు, అసలైన గల్ఫ్ యాస కూడా కాదు. ‘అనా మాఫీ మాలూమ్’ (నాకు తెలీదు), ‘ఇంతా రూహ్’ (నువ్వు వెళ్లు), ‘ఖమ్సా నఫర్’ (ఐదుగురు మనుషులు), ‘సేమ్ సేమ్’, ‘కల్లివల్లి’ (పోనీ, వదిలెయ్). బంగ్లాదేశీలు, నేపాలీలు, పఠాన్లు, మలయాళీలు, మనవాళ్లు, వాళ్లతో పని చేయించుకునే అరబ్బులు కలిసి తయారుచేసుకున్న పొట్టి అరబీ ఇది. భాషావేత్తలు దీన్ని గల్ఫ్ పిడ్జిన్ అరబిక్ అంటారు. క్రియలకు రూపాలు లేవు, ఆడ మగ తేడా లేదు, కాలాలు లేవు. ఉంటే ‘ఫీ’, లేకపోతే ‘మాఫీ’. అంతే వ్యాకరణం.

దీన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. పది దేశాల మనుషులు ఒక స్లాబ్ వేయాలంటే ఇలాంటిదొకటి పుట్టక తప్పదు. కానీ దీనికో ఇబ్బంది ఉంది. కొత్తవాళ్లు దీన్నే అరబీ అనుకుని అక్కడితో ఆగిపోతారు. పదిహేనేళ్లు గల్ఫ్‌లో ఉండొచ్చిన మనిషి ఇంటికొచ్చాక టీవీలో అరబీ వార్తలు పెడితే ఒక్క ముక్క అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు. అతనితో అసలు అరబీ ఎవరూ మాట్లాడలేదు మరి. ఆసియా మొహం కనబడగానే అరబ్బు కూడా తన భాష పక్కనపెట్టి ‘ఇంతా మాఫీ షుగుల్?’ (నీకు పని లేదా?) అనే అంటాడు.

ఎక్కడ దెబ్బ తింటామో ఒక్క మాటలో చూద్దాం. ‘ఫులూస్ మాఫీ.’ ఫులూస్ అంటే డబ్బులు. ఈ రెండు ముక్కలకీ ‘నా దగ్గర డబ్బుల్లేవు’ అనే అర్థం చెప్పుకోవచ్చు. ‘జీతం ఇవ్వలేదు’ అనీ అనుకోవచ్చు. ‘నాకు డబ్బులొద్దు’ అని కూడా అనుకోవచ్చు. టీ కొట్టు దగ్గర ఏదనుకున్నా ఫర్వాలేదు. బాకీ జీతం కోసం అధికారి ముందు నిలబడినప్పుడు ఈ మూడింటి మధ్య తేడాయే మొత్తం కేసు. కువైటీ యాసలో మూడింటికీ మూడు వేరే మాటలున్నాయి. ‘మా ఇందీ ఫ్లూస్’ అంటే నా దగ్గర డబ్బుల్లేవు. ‘మా అతూనీ మఆషీ’ అంటే నా జీతం వాళ్లు నాకివ్వలేదు. ‘మా అబీ ఫ్లూస్’ అంటే నాకు డబ్బులొద్దు. ‘మా’ ఒక్కటే లేవు, ఇవ్వలేదు, వద్దు మూడింటి పనీ చేస్తుంది. దాని తర్వాత వచ్చే మాట ఎవరికి, ఎవరు, ఎప్పుడు అన్నది తేలుస్తుంది. సైట్ అరబీలో ఆ మాటే ఎగిరిపోతుంది.

అలాగే ‘మాఫీ మాలూమ్’ బదులు ‘మద్రీ’, అంటే తెలీదు. ‘అనా మాఫీ రూహ్’ బదులు ‘మా అరూహ్’, అంటే వెళ్లను. చూడండి, అసలు మాటే పొట్టిగా ఉంది. పిడ్జిన్ తేలిక అన్నది సగం భ్రమే.

ఇంకోటి కూడా గమనించాను. సైట్‌లో పనిచేసే మగవాళ్ల కంటే ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు కువైటీ బాగా వస్తుంది. రోజంతా ఇంటి మాటలు చెవిన పడతాయి, చిన్నపిల్లలు మాట తేలిక చేసి మాట్లాడరు, తప్పు మాట్లాడితే నవ్వి సరిదిద్దుతారు కూడా. వీళ్లకు వచ్చే చిక్కు వేరే. ఆడమనిషికి చెప్పే ఆజ్ఞలన్నీ ‘ఈ’తో ముగుస్తాయి: ‘రూహీ’ వెళ్లు, ‘తఆలీ’ రా, ‘యీబీ’ తీసుకురా. విన్నది విన్నట్టు తిప్పి ఇంటి అబ్బాయిని ‘తఆలీ’ అని పిలిస్తే ఇల్లంతా నవ్వుతుంది. మగపిల్లాడికి ‘తఆల్’ చాలు.

ఏ యాస పట్టుకోవాలి

నా మాటైతే, ఎవరితో మాట్లాడబోతున్నారో వాళ్ల యాసే. దీనికి మించిన సూత్రం లేదు. కువైట్ వెళ్తుంటే కువైటీ, రియాద్ అయితే నజ్దీ, జెద్దా అయితే హిజాజీ. ఆఫీసులో మేనేజర్ ఈజిప్షియనో, జోర్డాన్ మనిషో అయితే అతని మాట మీద కూడా ఒక చెవి వేసి ఉంచాలి. దుబాయ్‌లో మాత్రం నిజం చెప్పాలంటే హిందీ, ఇంగ్లీషుతో ఏళ్లకు ఏళ్లు గడిచిపోతాయి. అక్కడ అరబీ మనం పట్టుబట్టి నేర్చుకుంటే తప్ప రాదు.

ఎక్కడికీ వెళ్లేది లేదు, ఊరికే సరదాగా నేర్చుకుంటాం అనేవాళ్లకు ఈజిప్షియన్ మంచిది. కైరో సినిమాలు, రేడియో దశాబ్దాలపాటు అరబ్ ఇళ్లన్నింట్లో మోగాయి కాబట్టి ఆ యాస దాదాపు అందరికీ అర్థమవుతుంది. సిరియా, లెబనాన్ వైపు మాటకు కూడా టీవీ సీరియళ్ల పుణ్యాన ఆ బలం ఉంది. టర్కీ సీరియళ్లకు సిరియన్ యాసలో డబ్బింగ్ చెప్పడం మొదలయ్యాక అది ఇంకా పెరిగింది.

రెండు యాసలు ఒకేసారి మొదలుపెట్టడం మాత్రం వద్దు. ‘ఎలా ఉన్నావు’ అనడానికి కువైట్‌లో ‘ష్లోనక్’, ఎమిరేట్స్‌లో ‘ష్‌హాలక్’, బేరూత్‌లో ‘కీఫక్’, కైరోలో ‘ఇజ్జయ్యక్’. నాలుగూ బట్టీ పట్టినవాడికి అవసరానికి ఒక్కటీ నోటికి రాదు. పైగా ఆడవాళ్లతో అనేటప్పుడు ఇవన్నీ మళ్లీ మారతాయి. కువైట్‌లో ‘ష్లోనక్’ కాస్తా ‘ష్లోనిచ్’ అవుతుంది. మన ‘నువ్వు’కి ఆడ మగ లేదు గనక ఈ తేడా అలవాటు కావడానికి టైం పడుతుంది.

మనకున్నదీ, వాళ్లకు లేనిదీ ‘మీరు’. గల్ఫ్ వాడుకలో పెద్ద యజమాని అయినా ‘ఇంతా’నే. మొదట్లో మన నోటికి ఇది ఇబ్బందిగానే ఉంటుంది. గౌరవం వాళ్లు వేరే దారిలో చూపిస్తారు. పెద్ద కొడుకు పేరు మీద ‘అబూ ఫలానా’, ‘ఉమ్ ఫలానా’ అని పిలుస్తారు. మన పల్లెల్లో ఫలానావాడి నాన్న, ఫలానావాడి అమ్మ అన్నట్టే. మన ‘ఫలానా’ కూడా అక్కడి ‘ఫులాన్’ నుంచి వచ్చిందే.

గొంతులో పుట్టే అక్షరాలు

అరబీ అక్షరాలు 28. మన వర్ణమాలలో సగం. రెండు మూడు వారాలు కూర్చుంటే లిపి వచ్చేస్తుంది. కానీ చాలామంది తెలుగు లిపిలో రాసుకున్న అరబీతో సరిపెట్టుకుంటారు. అక్కడే గొంతు చెడుతుంది. మన ‘హ’ కింద అరబీ అక్షరాలు రెండు దాక్కుంటాయి, ‘త’ కింద రెండు, ‘స’ కింద రెండు, ‘జ’ కింద ఇంకా ఎక్కువ. ‘సైఫ్’ని ఒక ‘స’తో పలికితే కత్తి, నాలుకను లావు చేసి ఇంకో ‘స’తో పలికితే ఎండాకాలం. ఇక ‘ఐన్’ అనే అక్షరానికి తెలుగులో గుర్తే లేదు. గొంతు లోపల కండ బిగించి పలకాలి. మనం దాన్ని మింగేసి ‘అ’ అనేస్తాం.

‘క’ దగ్గర ఇంకో సరదా ఉంది. అరబీలో ‘క’లు కూడా రెండు. పాఠ్యపుస్తకాలన్నీ కొత్తవాళ్లను భయపెట్టే ఉదాహరణ ఒకటుంది: ‘కల్బ్’ని మామూలు కతో పలికితే కుక్క, గొంతు లోపలి కతో పలికితే గుండె. గల్ఫ్ యాస నేర్చుకునేవాళ్లకు ఈ టెన్షన్ లేదు. కువైటీ నోట్లో కుక్క ‘చల్బ్’ అయిపోతుంది, గుండె ‘గల్బ్’ అయిపోతుంది. గొంతు లోపలి క గల్ఫ్‌లో చాలా మాటల్లో గ అవుతుంది, అందుకే కాఫీ అక్కడ ‘గహ్వా’. మామూలు క కొన్నిచోట్ల చ అవుతుంది, జ కొన్నిచోట్ల య అవుతుంది. కోడి ‘దజాజ్’ కాస్తా ‘దియాయ్’, మసీదు ‘మస్‌యిద్’. ఈ మూడు మార్పులు గుర్తుపెట్టుకుంటే పుస్తకంలో చదివిన మాటను వీధిలో పోల్చుకోవడం సగం వచ్చినట్టే.

హైదరాబాదీ ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఖ బ్రహ్మాండంగా వస్తుంది. కాకపోతే గొంతు లోపలి క రావాల్సిన చోట కూడా ఖ అనేయడం మన దక్కనీ అలవాటు. ‘కొంచెం’ అనబోయి ‘ఖలీల్’ అంటే స్నేహితుడైపోతాడు.

తెలుగువాళ్లకు కలిసొచ్చేవీ ఉన్నాయి. హ్రస్వం, దీర్ఘం, ఒత్తు. అరబీలో ‘దరస’ అంటే చదివాడు, ‘దర్రస’ అంటే చదువు చెప్పాడు. ‘కతబ’ రాశాడు, ‘కాతబ’ ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాడు. ఇంగ్లీషువాళ్లు ఈ తేడాలతో నెలలు కుస్తీ పడతారు. కల, కాల, కల్ల మధ్య పెరిగిన మనకు అది పుట్టుకతో వచ్చిన విద్య.

చదవడం దగ్గర మళ్లీ మనకే కష్టం. తెలుగులో రాసింది రాసినట్టు చదువుతాం. అరబీలో హ్రస్వ అచ్చులు రాయరు. క, త, బ అనే మూడు అక్షరాలు చూసి ‘రాశాడు’ అనుకోవాలా, ‘రాయబడింది’ అనుకోవాలా, ‘పుస్తకాలు’ అనుకోవాలా అన్నది వాక్యాన్ని బట్టి తెలియాలి. అందుకే మొదట తెలిసిన పేర్లతో చదవడం మొదలుపెట్టడం సుఖం. వీధి బోర్డులు, కూల్‌డ్రింక్ సీసాలు. అరబీలో ప లేదు కాబట్టి సీసా మీద ‘బీబ్సీ’ అని ఉంటుంది. అంకెలు చూసేటప్పుడు జాగ్రత్త: మన సున్నాలా గుండ్రంగా ఉన్నది ఐదు, ఉత్త చుక్క సున్నా, ఏడులా కనిపించేది ఆరు. అక్షరాలు కుడి నుంచి ఎడమకి నడిస్తే అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి.

మన దగ్గర ముందే ఉన్న అరబీ

నిజాం, నవాబుల కచేరీల్లోంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా మన ఊళ్లలోకి దిగిన అరబీ మాటలు తక్కువేం లేవు. తారీఖు, జవాబు, హక్కు, హద్దు, వకీలు, నకలు, నగదు, వసూలు, జామీను, రద్దు. ‘వారసుడు’ అన్నప్పుడు అరబీ మాటకు తెలుగు తోక తగిలించామని ఎవరికీ గుర్తు కూడా ఉండదు.

వీటితో అరబీ పదాలు ఎలా పుడతాయో కూడా తెలుస్తుంది. అరబీలో ఎక్కువ మాటలకు మూడు హల్లులే మూలం. ఐన్, మ, ల అనే మూడు తీసుకోండి. పని అన్నది వాటి అర్థం. వాటి నుంచి వచ్చిందే మన ‘అమలు’. దాన్నే ఇంకో అచ్చులో పోస్తే ‘మామూలు’. మరో అచ్చులో పోస్తే ‘ఆమిల్’, అంటే పనివాడు. గల్ఫ్ గుర్తింపు కార్డుల్లో వృత్తి అన్న చోట ఈ మాట తరచూ కనిపిస్తుంది. హ, స, ల నుంచి తహసీలు, మహసూలు. ఇలా మనకు తెలిసిన మాటల నుంచి వెనక్కి నడిస్తే కొత్తవి పట్టుబడతాయి.

అర్థాలు మాత్రం ప్రయాణంలో మారిపోయాయి. మన ‘సవాలు’ అక్కడ మామూలు ప్రశ్న. మన ‘తకరారు’ తగాదా, వాళ్ల ‘తక్రార్’ చెప్పిందే చెప్పడం. రుణమాఫీలో మాఫీకీ, ‘ఫులూస్ మాఫీ’లో మాఫీకీ చుట్టరికమే లేదు. ‘మామూల్’ అడిగితే గల్ఫ్‌లో ఖర్జూరం కూరిన బిస్కెట్ చేతిలో పెడతారు. మన ఆఫీసుల్లో అడిగే మామూలుతో పోలిస్తే నయమే.

ఇంట్లో పిల్లలకు మక్తబ్‌లో (ఖురాన్ నేర్పే చిన్న బడి) ఖురాన్ చదవడం నేర్పించినవాళ్లకు లిపి, ఉచ్చారణ ముందే వచ్చేసి ఉంటాయి, అర్థం రాదు. వాళ్లు ఫుస్‌హా వైపు వెళ్తే సగం దారి నడిచేసినట్టే. హైదరాబాద్‌లో ఉస్మానియా, ఇఫ్లూ విశ్వవిద్యాలయాల్లో అరబీ చెప్తారు. ప్రాచీన అరబీ గ్రంథాలను పరిష్కరించి అచ్చువేసే దాయిరతుల్ మఆరిఫ్ 1888 నుంచీ ఈ నగరంలోనే ఉంది. ఇక్కడి బార్కస్ పేటలో నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల వారసులున్నారు. కానీ వీటిలో ఏదీ కువైట్ వంటింట్లో వినబడే మాట నేర్పదు. దానికి అక్కడి మనిషి కావాలి, లేదా ఆ యాసలోని వీడియోలు కావాలి.

ఫుస్‌హా పూర్తిగా వదిలేయమని కాదు. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగ ఒప్పందంలో అరబీ పాఠానిదే తుదిమాట. పక్కన ఇంగ్లీషులో ఏముందో తర్వాత. అది రాసేది ఫుస్‌హాలోనే. మొత్తం చదవలేకపోయినా ఇస్మ్ (పేరు), మిహ్నా (వృత్తి), రాతిబ్ (జీతం), ముద్దా (గడువు), తారీఖ్ అన్న ఐదు మాటలు కాగితం మీద గుర్తుపట్టి, పక్కనున్న అంకె చదవగలిగితే చాలా మోసాలు సంతకానికి ముందే బయటపడతాయి. యాసకు మూడు పాళ్లు, కాగితం అరబీకి ఒక పాలు సమయం ఇస్తే కొత్తవాళ్లకు సరిపోతుందని నా లెక్క.

మొదటి వారం మాటలు జంటలుగా నేర్చుకోవడం మేలు. అరబీ పలకరింపులకు బదులు ముందే ఖాయమై ఉంటుంది. ‘సబాహ్ అల్‌ఖైర్’ అంటే ‘సబాహ్ అన్నూర్’. ‘మసా అల్‌ఖైర్’ అంటే ‘మసా అన్నూర్’. ‘షుక్రన్’ అంటే ‘అఫ్వన్’. ‘మఅస్సలామా’ అంటే ‘అల్లా య్‌సల్లిమక్’. ఎండలో పనిచేస్తుంటే పక్కనుంచి వెళ్లే ముసలాయన ‘అల్లా యఅతీక్ అల్‌ఆఫియా’ అంటాడు. తల ఊపి ఊరుకుంటే అతనూ వెళ్లిపోతాడు. ‘అల్లా య్‌ఆఫీక్’ అని బదులిస్తే మాత్రం చాలాసార్లు ఆగి, ఏ ఊరు నీది అని తన యాసలోనే అడుగుతాడు. అతని ప్రశ్న ‘మిన్ వేన్ ఇంతా?’. దానికి జవాబు ‘అనా మిన్ అల్‌హింద్’.